ఇంటి కంప్యూటరుకు సర్కారు సొమ్ము

ప్రశ్న: మా పాప ఏడో తరగతి చదువుతోంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ వాళ్ల నాన్నగారు పనికి పట్టుకెళ్తారు కనుక రాత్రి ఎనిమిది దాటాకే దాని చేతికి వస్తుంది. ఇంగ్లండులో పేదపిల్లల ఇంటికి కంప్యూటరు కొనడానికి ప్రభుత్వమే సొమ్మిచ్చిందని విన్నాను. నిజమేనా? మాకు అలాంటిది ఉందా?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: నిజమేనమ్మా. 2010 జనవరిలో ‘హోమ్ యాక్సెస్’ పేరిట 30 కోట్ల పౌండ్ల పథకాన్ని ఇంగ్లండు అంతటా అమలు చేశారు. బడిలో ఉచిత భోజనానికి అర్హత ఉన్న కుటుంబాలకే దానిని వర్తింపజేశారు (మన బళ్లలోలా అక్కడ ఆ భోజనం అందరికీ ఉచితం కాదు, అందుకే అది పేదరికానికి కొలబద్ద అయింది). నగదు చేతికివ్వకుండా, గుర్తింపు పొందిన దుకాణాల్లో మాత్రమే చెల్లే కార్డు ఇవ్వడం నాకు నచ్చిన ఏర్పాటు. అయితే ఆ పథకం ఎక్కువకాలం నడవలేదు.

ఒడిశాలో 2013లో మొదలైన బిజూ యువ సశక్తీకరణ యోజన కింద ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది ప్లస్ టూలో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి. అంటే కొలిచింది ప్రతిభను, ఇంటి ఆదాయాన్ని కాదు. ఏడో తరగతి పాపకు అది వర్తించదు. ప్రస్తుతానికి బడిలో కంప్యూటరు గది ఉంటే, సాయంత్రం ఒక గంట తెరిచి ఉంచమని ప్రధానోపాధ్యాయులకు నలుగురు తల్లిదండ్రులు కలిసి ఒడియాలో అర్జీ రాసివ్వండి.