గోండు గూడెం బడిలో పోస్టింగ్ వచ్చింది, పిల్లలు నోరు విప్పట్లేదు, ఏం చేయాలి?

డీఎస్సీలో ఎంపికై ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు గూడెంలో ప్రైమరీ స్కూల్ వచ్చిందని, ఒకటో తరగతి పిల్లలు ఏం అడిగినా పలకట్లేదని, వాళ్లకు తెలుగు తొందరగా ఎలా నేర్పాలని అడిగారు. అటువైపు చాలా ఏళ్లు పనిచేసినదాన్ని కాబట్టి చెప్తున్నాను, ఆ తొందర కొన్నాళ్లు పక్కన పెట్టండి.

ఇంటర్వెల్‌లో ఆ పిల్లల్నే గమనించండి, గోండీలో గలగలా మాట్లాడుకుంటారు. బెల్లు కొట్టి లోపలికి రాగానే అంతా బంద్, ఎందుకంటే లోపల మనం మాట్లాడేది వాళ్లింట్లో ఎవరూ మాట్లాడరు. నా క్లాసులో ఒక పాప ఉండేది, పలక మీద కూడిక ఇస్తే తల వంచుకుని కూర్చునేది, రిజిస్టర్‌లో వెనకబడిన విద్యార్థి అని రాసేసి ఉంది. నాలుగో తరగతిలో ఉన్న వాళ్లక్కను పిలిచి, ఇప్పపూలు ముందు పోసి, అదే లెక్క గోండీలో అడిగించాను. అక్క మాట పూర్తి కాకముందే జవాబు చెప్పేసింది, పైగా రెండు పూలు నోట్లో వేసుకుని ఇప్పుడెన్ని ఉన్నాయో చెప్పమని అక్కనే ఎదురడిగింది! ఆ పిల్లకు లెక్కలు రావని ఎలా అంటాం?

కాబట్టి మీ మొదటి పని గోండీ, తెలుగు రెండూ వచ్చిన మనిషిని వెతుక్కోవడం. పెద్ద తరగతి పిల్లలైనా సరే, ఊళ్లో చదువుకున్న అమ్మాయైనా సరే. మీరూ రోజూ కాస్త గోండీ నేర్చుకోండి, తప్పు పలికితే పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి, దాంతోనే చనువు వస్తుంది. క్లాసులో గోండీ ఏంటని పైఅధికారి ఎవరైనా అంటే (నన్ను అన్నారు) భయపడకండి. వీలైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో గోండీ, కోలామీ సహా ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలోనే, పుస్తకాలు వేశారు. మీ బడి బీరువాలోనో, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులోనో పాత కాపీలు దొరుకుతాయేమో అడిగి చూడండి. అంతకు ముందే, 1940లలో, గోండుల మధ్య ఉండి పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మర్లవాయి అనే గూడెంలో గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ ఇప్పించి గోండీలో చదువు చెప్పించాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా భాష రాని టీచరును ఏ శిక్షణా లేకుండా గూడేనికి పంపడం నాకు చాలా బాధగా ఉంటుంది. ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం కూడా వచ్చి చేరింది, అంటే పసిపిల్లల మీద ఒకేసారి రెండు కొత్త భాషలు.

ఇంకో విషయం, బడికి వచ్చేవాళ్లంతా గోండులే అనుకోవద్దు. కోలాం పిల్లల భాష వేరు, వాళ్ల గూడేలూ ఎక్కువగా వేరుగానే ఉంటాయి, ఎవరింట్లో ఏం మాట్లాడతారో మొదటి వారంలోనే పటేల్‌ను (గూడెం పెద్దను) కలిసి అడిగి రాసుకోండి. దీపావళి ముందు దండారి (గోండుల నాట్యాల పండుగ) రోజుల్లో, పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు హాజరు బాగా తగ్గుతుంది. దాన్ని డుమ్మా కింద లెక్కకట్టి పిల్లల్ని తిట్టకండి, ఆ రోజుల్లో కొత్త పాఠం మొదలుపెట్టకండి. వీలైతే మీరూ దండారి చూడ్డానికి వెళ్లండి, తల్లిదండ్రులతో అసలు మాటలు నాకు అక్కడే మొదలయ్యాయి.