అమెరికా పల్లెటూళ్లకు ఒకప్పుడు రైల్వే ఎక్స్‌ప్రెస్ పార్సిళ్లు ఎలా చేరేవి?

ఎక్కువగా ప్యాసింజర్ రైలుకే తగిలించిన ఎక్స్‌ప్రెస్ పెట్టెలో, అంటే పార్సిళ్ల బోగీలో, వచ్చేవి. చిన్న స్టేషన్‌లో టికెట్లిచ్చే ఏజెంటే పార్సిళ్లూ చూసేవాడు; దానికి ఆయనకు కమీషన్ ముట్టేది. రైలు ఆగిన ఆ కాసేపట్లోనే హడావిడంతా. పెద్ద ఇనుప చక్రాల తోపుడు బండిని పెట్టె తలుపు దాకా తోసి, ట్రాక్టర్ స్పేర్ పార్టులు, కిచకిచలాడే కోడిపిల్లల అట్టపెట్టెలు దించుకునేవారు. రైతుల మీగడ క్యాన్లు ఎక్కించేవారు. నన్నడిగితే, ఆ ఊళ్లకు పట్నంతో ఉన్న అసలు లంకె అదే.

1929 నుంచి ఈ పనిని రైల్వే కంపెనీల ఉమ్మడి సంస్థ రైల్వే ఎక్స్‌ప్రెస్ ఏజెన్సీ చూసింది. రోడ్లు, లారీలు పెరిగాక ప్యాసింజర్ రైళ్లు ఒక్కొక్కటే రద్దయ్యాయి. రైలే ఆగని ఊళ్లో పార్సిలెలా దిగుతుంది? 1975లో ఏజెన్సీ దివాలా తీసింది.