అరాజకమా, అరాచకమా?

సందేహం: అంతర్జాతీయ సంబంధాల పాఠంలో ‘దేశాల మధ్య ఉన్నది అరాచకమే’ అని ఉంది. ఆ వెంటనే ‘అరాచక సమాజం’, ‘అంతర్జాతీయ క్రమం’ అని కూడా ఉన్నాయి. అరాచకం ఉన్నచోట సమాజం, క్రమం ఎలా ఉంటాయి?

సమాధానం: చిక్కంతా అరాచకం అన్న మాటతోనే వచ్చింది. దీని మూలం అరాజకం, అంటే రాజు లేనిది. రాజు ‘రాచ’ అయి రాచరికం, రాచబాట వచ్చినట్టే ఇదీ మారింది. రూపంతోపాటు వాడుకలో అర్థమూ జరిగిపోయింది. ‘వాడి అరాచకాలకు అంతు లేదు’ అంటే ఎవరికైనా దౌర్జన్యమే తోస్తుంది.

అంతర్జాతీయ సంబంధాల శాస్త్రంలో ఇది ‘అనార్కీ’ అన్న ఇంగ్లిష్ మాటకు అనువాదం. అక్కడ దీని అర్థం దౌర్జన్యం కాదు. ఆ శాస్త్రంలో పేరున్న పండితుడు కెన్నెత్ వాల్ట్జ్ 1979లో చెప్పింది ఇది: దేశాలపైన మరో ప్రభుత్వం లేదు కాబట్టి ఎవరి భద్రత వాళ్లే చూసుకోవాలి, అందులోంచే బలాల సమతూకం ఏర్పడుతుంది. అంతకు రెండేళ్ల ముందే మరో పండితుడు హెడ్లీ బుల్, పై అధికారం లేకున్నా రాయబారాలు, ఒప్పందాలు, అంతర్జాతీయ చట్టం వంటివాటితో దేశాలు ఒక సమాజంగా మెలగగలవని వాదించారు. మీరు చూసిన ‘అరాచక సమాజం’ ఆయన పుస్తకం పేరే. తెలుగులో అది రౌడీల గుంపులా వినిపించడం ఆయనకు అన్యాయం. ఇక అదే రంగంలోని అలెగ్జాండర్ వెంట్ దృష్టిలో, పెద్ద దిక్కు లేనంత మాత్రాన శత్రుత్వం పుట్టదు. ఒకరినొకరు ఏమనుకుంటున్నారన్నదే అసలు సంగతి. బ్రిటన్ దగ్గర 500 అణ్వాయుధాలున్నా అమెరికాకు లేని టెన్షన్ ఉత్తర కొరియా దగ్గర 5 ఉంటే వస్తుందన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణ.

రాజు లేకపోతే ఏమవుతుందన్న దగ్గరే వీళ్లకు పేచీ. అరాచకం అని రాస్తే ఆ పేచీని మనమే ముందుగా తీర్చేసినట్టవుతుంది. అందుకే ‘అరాజక స్థితి’ అనడం మేలు. అదీ పూర్తిగా తటస్థమైన మాటేం కాదు. రామాయణం అయోధ్యకాండలో దశరథుడు పోయాక పెద్దలు వసిష్ఠుడితో ‘నారాజకే జనపదే’ అంటూ వరసగా శ్లోకాలు చెబుతారు. రాజు లేని దేశంలో మనుషులు చేపల్లా ఒకరినొకరు తింటారన్న భయం అందులో ఉంది. కాబట్టి మొదటిసారి వాడేటప్పుడు ‘పై అధికారం లేని స్థితి’ అని విప్పి చెప్పాలి.

ఇక ‘ఆర్డర్’ను ‘క్రమం’ అనడంలో నాకు అభ్యంతరం లేదు. అక్షరక్రమం, కాలక్రమం లాంటి చోట్ల వరస అన్న అర్థమే ఉన్నా, సక్రమం, అక్రమం, క్రమశిక్షణల్లో నియమం అన్న అర్థం బతికే ఉంది. ‘వ్యవస్థ’ అన్న మాటను మాత్రం దేశాలన్నీ కలిసిన మొత్తానికి, అంటే ‘సిస్టమ్’కు ఉంచుకుంటే రెండూ కలగాపులగం కావు.