గ్రాండ్‌స్లామ్ అంచు దాకా వెళ్ళి ఆగినవారిలో నా లెక్కలో మొదటి పేరు కోరియా

గ్రాండ్‌స్లామ్ టైటిల్ చేతికందే దాకా వచ్చి పోగొట్టుకున్న టెన్నిస్ ఆటగాళ్ళలో అందరికంటే దురదృష్టవంతులు ఎవరు, వారికి లోపించింది అదృష్టమా, గుండెధైర్యమా అన్నది ఇక్కడ అడిగిన ప్రశ్న. పేరు చెప్పమంటే అర్జెంటీనాకు చెందిన గిల్లెర్మో కోరియా పేరు చెబుతాను. కారణం విషయంలో మాత్రం ప్రశ్నలోని రెండు మాటలూ నాకు సరిపోవు. భీమవరం ప్రాంతంలో ఒక క్లబ్బులో చాలా ఏళ్ళుగా ఆడుతూ, కొంతకాలంగా పిల్లలకు నేర్పుతున్న అనుభవం మీద చెబుతున్నాను, ఇలాంటి ఓటముల్లో చాలావాటి మూలం సెకండ్ సర్వీస్‌లో, అంటే మొదటి సర్వీస్ తప్పినప్పుడు ఇచ్చే రెండో అవకాశంలో, దొరుకుతుంది.

2004లో మట్టి కోర్టు మీద కోరియాను ఓడించడం ఎవరి తరమూ కాదన్నట్టుగా ఉండేది. వరుసగా 31 మట్టికోర్టు మ్యాచ్‌లు గెలిచిన తరువాత, హాంబర్గ్ ఫైనల్లో ఫెదరర్ అతన్ని ఆపగలిగాడు. ఆ వెంటనే వచ్చిన ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో ఎదురుపడినది సొంత దేశస్థుడే అయిన గాస్టన్ గాడియో. గాడియోకు సీడింగ్ లేదు, ర్యాంకు 44. మొదటి రెండు సెట్లు 6-0, 6-3తో కోరియా గెలిచాడు. మూడో సెట్ 4-6తో పోయింది, కాలి కండరాలు పట్టేశాయి, నాలుగో సెట్ 1-6తో చేజారింది. ఆ దశలో అతను కాళ్ళ ఊతం లేకుండా చేతి బలంతోనే బంతిని అవతలికి పంపుతున్నాడు. ఐదో సెట్‌లో కొంత తేరుకుని, 6-5 దగ్గర తన సర్వీస్‌లోనే రెండు మ్యాచ్ పాయింట్లు (గెలిస్తే అక్కడితో మ్యాచ్ ముగిసే పాయింట్లు) సంపాదించాడు. రెండుసార్లూ బంతి కొద్దిలో గీత దాటి బయట పడింది. 8-6తో గాడియో గెలిచాడు. అర్జెంటీనా పాతతరం ఛాంపియన్ గిల్లెర్మో విలాస్ మీది అభిమానంతో తల్లిదండ్రులు కోరియాకు ఆ పేరు పెట్టారు. ఆ విలాసే వచ్చి ట్రోఫీని గాడియో చేతికి ఇవ్వవలసి వచ్చింది. దురదృష్టం అనే మాట వాడదలచుకుంటే నేను ఇక్కడ వాడతాను, మ్యాచ్ విషయంలో కాదు.

కండరాలు పట్టేయడానికీ సర్వీస్‌కూ ఉన్న సంబంధం డెల్టాలో ఆడేవారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. మా దగ్గర వేసవి పోటీలు దాళ్వా (రబీ వరి) కోతలై, కాలువలు కట్టేసిన రోజుల్లో జరుగుతాయి. ఇక్కడి ఒండ్రుమట్టి కోర్టుకు పనికిరాదు కనుక మెట్ట నుంచి ఎర్ర గ్రావెల్ తెప్పించి, నీళ్ళు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు వేయిస్తారు. సముద్రపు గాలిలోని తేమకు చెమట ఆరదు. ఉప్పు వేసిన మజ్జిగ, కొబ్బరినీళ్ళు ఎన్ని తాగినా మూడో సెట్ నాటికి ఎవరో ఒకరికి పిక్కలు పట్టేస్తాయి. అప్పుడు తేడా ముందుగా కనిపించేది బంతిని పైకి వేసే చేతిలో. కాళ్ళతో తన్ని పైకి లేవడం సాధ్యం కాదని తెలిసిన ఆటగాడు తనకు తెలియకుండానే బంతిని తక్కువ ఎత్తుకు వేయడం మొదలుపెడతాడు. అలా వేసిన బంతిని రాకెట్ ముందుకు నెట్టగలదు గాని కింది నుంచి పైకి రాస్తూ కొట్టలేదు. అలా కొట్టకపోతే బంతికి స్పిన్ రాదు. స్పిన్ లేని బంతి నెట్ దాటి సర్వీస్ బాక్సులో పడాలంటే వేగం తగ్గించుకోవలసిందే.

జిల్లా స్థాయిలో పదహారేళ్ళ లోపు పిల్లల పోటీ ఒకదానికి నేను అంపైర్ కుర్చీలో కూర్చున్నప్పుడు, చివరి సెట్‌లో 5-2 ఆధిక్యంలో ఉన్న కుర్రవాడు వరుస డబుల్ ఫాల్ట్‌లతో, అంటే రెండు సర్వీస్‌లూ తప్పి పాయింట్లు వదులుకుంటూ, మ్యాచ్ పోగొట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవారు ‘భయపడిపోయాడు’ అని తేల్చేశారు. నాకు దగ్గరనుంచి కనిపించినది ఏమిటంటే, బంతిని వదిలేటప్పుడు అతని వేళ్ళు ఆలస్యంగా విచ్చుకుంటున్నాయి, దానితో బంతి తల వెనక్కి పోతోంది. భయం ఉండి ఉండవచ్చు, కాని భయం చేతివేళ్ళ దాకా వచ్చి ఏం చేస్తుందో చూడకుండా ఆ మాట అని ఊరుకుంటే ఆ పిల్లవాడికి నేర్పడానికి ఏమీ మిగలదు.

ఇదే కొలతతో చూస్తే 2020 యు.ఎస్. ఓపెన్ ఫైనల్ కూడా అర్థమవుతుంది. కోవిడ్ కారణంగా ప్రేక్షకులు లేని ఆ స్టేడియంలో అలెగ్జాండర్ జ్వెరెవ్, డొమినిక్ థీమ్ మీద మొదటి రెండు సెట్లు గెలిచి, ఐదో సెట్‌లో 5-3 దగ్గర టైటిల్ కోసం సర్వీస్ చేసి, చివరకు టైబ్రేక్‌లో (6-6 దగ్గర సెట్‌ను తేల్చే గేమ్) 8-6తో ఓడాడు. ఆరున్నర అడుగుల మనిషి, మొదటి సర్వీస్ గంటకు 200 కిలోమీటర్లు దాటించగలవాడు, ఆ టైబ్రేక్‌లో సెకండ్ సర్వీస్‌ను 110 కిలోమీటర్ల దగ్గర వేశాడు. ఆ మ్యాచ్‌లో అతని డబుల్ ఫాల్ట్‌లు 15. 1993 వింబుల్డన్ ఫైనల్లో స్టెఫీ గ్రాఫ్ మీద యానా నొవోత్నా చివరి సెట్‌లో 4-1తో ముందుండి, మరో గేమ్ గెలవడానికి ఒక్క పాయింట్ దూరంలో డబుల్ ఫాల్ట్ చేసింది, ఆ తరువాత ఒక్క గేమ్ కూడా రాలేదు. ఆమె 1998లో ఆ టైటిల్ గెలుచుకుంది కనుక ఈ జాబితాలో చేర్చను. ఎలెనా దెమెంతియెవాను చేరుస్తాను. 2004లోనే రెండు గ్రాండ్‌స్లామ్ ఫైనళ్ళు ఆడి, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి, 2009 వింబుల్డన్ సెమీఫైనల్లో సెరీనా మీద మ్యాచ్ పాయింట్ దాకా వెళ్ళినా, కెరీర్ పొడవునా ఆమెను వెనక్కి లాగినది ఆ సర్వీసే.

కోరియా కథ ఫైనల్‌తో ముగియలేదు. భుజానికి శస్త్రచికిత్స అయింది. 2005 రోమ్ ఫైనల్లో నడాల్‌తో ఐదు గంటలకు పైగా పోరాడినవాడు, 2006 వచ్చేసరికి ఒకే మ్యాచ్‌లో ఇరవైకి పైగా డబుల్ ఫాల్ట్‌లు చేసే స్థితికి చేరి, 2009లో 27 ఏళ్ళకే ఆట మానేశాడు.

నా వాదనకు లొంగని ఉదాహరణలు లేకపోలేదు. 2009 వింబుల్డన్ ఫైనల్లో ఆండీ రాడిక్ సర్వీస్‌ను ఫెదరర్ 77 గేముల మ్యాచ్‌లో ఒకే ఒక్కసారి, చివరి గేమ్‌లో బ్రేక్ చేశాడు, అంటే రాడిక్ సర్వీస్ చేసిన గేమ్‌ను గెలిచాడు. రాడిక్‌ను ముంచినది రెండో సెట్ టైబ్రేక్‌లో 6-2 ఆధిక్యం తరువాత బయటికి కొట్టిన బ్యాక్‌హ్యాండ్ వాలీ.

మా క్లబ్బులో పెద్దల దగ్గర ఈ ప్రస్తావన తెస్తే విజయ్ అమృతరాజ్ పేరే వినబడుతుంది. 1973 వింబుల్డన్ క్వార్టర్‌ఫైనల్లో యాన్ కోడెస్ చేతిలో ఐదో సెట్ 7-5తో ఓడడం, కోడెస్ ఆ టైటిల్ గెలవడం, 1981లో కానర్స్ మీద మొదటి రెండు సెట్లు గెలిచి కూడా నిలబడలేకపోవడం వారికి నిన్నటి సంగతులు. ఆయన సర్వీస్ మంచిదే కనుక అక్కడ నేను వాదించను. నా ఓటు రామనాథన్ కృష్ణన్‌కు. 1960, 1961 సంవత్సరాల్లో వింబుల్డన్ సెమీఫైనల్ చేరి, మొదట నీల్ ఫ్రేజర్ చేతిలో, తరువాత రాడ్ లేవర్ చేతిలో ఓడిన ఆయనకు బంతిని ఎక్కడ పెట్టాలో తెలిసినంతగా ఆ కాలంలో చాలామందికి తెలియదు, కాని ఆయన సర్వీస్‌లో ఎన్నడూ బలం లేదు. ఆయనను ఓడించిన ఆ ఇద్దరే ఆయా సంవత్సరాల్లో విజేతలయ్యారు.