దారిలో కారు ఆగిపోతే ఆదుకునే కవరు: డబ్బు కట్టాలా, వద్దా?

ప్రశ్న: నేను కనిగిరిలో ఉంటున్న విశ్రాంత ప్రధానోపాధ్యాయుడిని. మాకు ఎనిమిదేళ్ల నాటి పెట్రోలు కారు ఉంది. నా భార్యకు గుండె జబ్బు ఉన్నందున రెండు నెలలకొకసారి కందుకూరు మీదుగా జాతీయ రహదారి ఎక్కి నెల్లూరు ఆసుపత్రికి తీసుకువెళతాను. ఏడాదికొకసారి గిద్దలూరు మీదుగా నంద్యాలలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళతాము. ఈ నెల బీమా రెన్యువల్ చేయించవలసి ఉంది. మరో రూ.350, దానిపై జీఎస్టీ కడితే ‘రోడ్‌సైడ్ అసిస్టెన్స్’ కలుపుతానని ఏజెంటు అంటున్నారు. ఇంకొకరు ఇదే పనికి ఏడాదికి రూ.2,400 సభ్యత్వ కార్డు తీసుకోమంటున్నారు. ఇన్నేళ్లలో మా కారు దారిలో ఆగింది ఒక్కసారే, అదీ బ్యాటరీ దిగిపోయి. పూర్తి బీమా ఉండగా ఇది మళ్లీ అవసరమా?

జవాబు: ముందుగా మీ చివరి మాటకు సమాధానం చెప్పాలి, ఎందుకంటే చాలామంది పొరబడేది అక్కడే. మనం ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అని పిలుచుకునే పాలసీ ప్రమాదం, దొంగతనం, అగ్ని, వరద వంటి వాటివల్ల జరిగే నష్టానికి మాత్రమే వర్తిస్తుంది. యంత్రంలోగానీ విద్యుత్ భాగాల్లోగానీ దానంతట అది వచ్చిన లోపానికి, అరుగుదలకు అది వర్తించదని ఆ పాలసీ పత్రంలోనే స్పష్టంగా రాసి ఉంటుంది. ప్రమాదం జరిగినప్పుడు కారును దగ్గరి షెడ్డుకు చేర్చే ఖర్చు కింద సొంత కార్లకు రూ.1,500 వరకు ఇచ్చే నిబంధన అందులో ఉన్నా, రేడియేటర్ వేడెక్కి ఆగిన కారుకు అది పనికిరాదు. కాబట్టి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ మీకు ఇప్పటికే ఉన్నదానికి మరో పేరు కాదు. అలాగని అది మరమ్మతు ఖర్చు భరించే బీమా కూడా కాదు. మనిషిని పంపి దిగిపోయిన బ్యాటరీకి జంప్ స్టార్ట్ (మరో బ్యాటరీతో కలిపి కారును లేపడం) ఇప్పించడం, స్టెప్నీ మార్పించడం, అక్కడికక్కడ చేయగలిగిన చిన్న పనులు చేయించడం, కుదరకపోతే కారును నిర్ణీత దూరం వరకు లాక్కెళ్లి గ్యారేజీలో దింపడం, అంతవరకే దాని బాధ్యత. విడిభాగాల ధర, గ్యారేజీలో కూలీ మీవే.

జీఎస్టీ 18 శాతం కలిపితే ఏజెంటు చెప్పిన మొత్తం రూ.413 అవుతుంది. అయిదేళ్లు వరసగా కట్టినా రూ.2,065, అంటే ఆ కార్డుకు ఒక్క ఏడాదికి కట్టవలసినంత కూడా కాదు. ధర ఇంత తక్కువగా ఉన్నప్పుడు కట్టాలా వద్దా అని లెక్కలు వేయడం కంటే, ఆగిన చోటికి లాక్కెళ్లే బండి నిజంగా వస్తుందా, వస్తే మీ కారును ఎక్కడ దింపుతుంది అని అడగడం ముఖ్యమని నా అభిప్రాయం. ఈ కంపెనీలకు చాలావరకు సొంత బండ్లు ఉండవు. ఊరూరా ఉన్న రికవరీ వ్యాన్ల వారితో ఒప్పందాలు ఉంటాయి. ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కల అలాంటివారు దొరుకుతారు. కనిగిరి, పామూరు వైపు ఎవరున్నారో మీరే అడిగి తెలుసుకోవాలి.

రెండేళ్ల క్రితం రోహిణి కార్తె ఎండల్లో పొదిలి దాటాక మా బంధువుల కారు ఆగిపోయినప్పుడు నేను అందులోనే ఉన్నాను. కాల్ సెంటర్‌లో మాట్లాడిన అమ్మాయి ఎంతో మర్యాదగా విన్నది కానీ, మేము చెప్పిన ఊరి పేరు ఆమెకు అర్థం కావడానికే చాలాసేపు పట్టింది. వ్యాన్ ఒంగోలు నుంచి రావాలని చెప్పారు. ఈలోగా పొదిలి నుంచి ఒక మెకానిక్ మోటార్‌సైకిల్ మీద బ్యాటరీ కట్టుకుని వచ్చి బండిని లేపి పంపించాడు. ఆ రోజు నీడ లేని రోడ్డు మీద కూర్చున్న పెద్దావిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది, అందుకే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది డబ్బు సంగతి కాదు, మీ పక్కన కూర్చునే మనిషి ఆరోగ్యం.

ఈ కవరు కారును మోసుకుపోతుంది. మనుషులను గమ్యం చేర్చాలన్న బాధ్యత తక్కువ ధర ప్లాన్లలో చాలావాటికి ఉండదు. టాక్సీ ఏర్పాటు ఉన్నదీ లేనిదీ ఏజెంటు నోటిమాటగా కాక, పాలసీ పత్రంలో చూపించమనండి. లేకపోతే కందుకూరులో ఒకరు, కావలిలో ఒకరు నమ్మకమైన టాక్సీ డ్రైవర్ల ఫోన్ నంబర్లు రాసి డాష్‌బోర్డులో ఉంచుకోండి. మీ విషయంలో ఆ కాగితం ఏ కార్డు కంటే తక్కువ కాదు.

మీరు వెళ్లే దారులను కూడా వేరువేరుగా చూడాలి. ఒంగోలు నుంచి నెల్లూరు వరకు జాతీయ రహదారి 16 మీద టంగుటూరు, ముసునూరు వంటి టోల్ ప్లాజాలు ఉన్నాయి. అలాంటి రోడ్డు నిర్వహించేవారు గస్తీ వాహనాన్ని, అంబులెన్సును, క్రేన్‌ను సిద్ధంగా ఉంచాలి. జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. అయితే ఆ క్రేన్ పని రాకపోకలకు అడ్డం లేకుండా మీ కారును సురక్షితమైన చోటికి చేర్చడమే కానీ, మీ మెకానిక్ షెడ్డు దాకా తీసుకువెళ్లడం కాదు. ఆ మిగిలిన దూరానికే మీరు కట్టే రూ.413 పనికివస్తుంది. కనిగిరి, కందుకూరు మధ్య రోడ్డు మీద స్థానిక మెకానిక్కే మీకు దిక్కు. గిద్దలూరు దాటి నల్లమలలోకి వెళ్లాక సెల్ సిగ్నల్ అందని చోట్లున్నాయి; ఫోన్ కలవకపోతే ఏ కవరూ అక్కరకు రాదు కాబట్టి ఆ ప్రయాణం పగటివేళ, గిద్దలూరులో టైర్ల గాలి, కూలెంట్ చూపించుకున్నాకనే మొదలుపెట్టండి.

నా సలహా ఏమిటంటే, పాలసీతో పాటు వచ్చే రూ.350 కవరు తీసుకోండి, రూ.2,400 కార్డు వద్దు. డబ్బు కట్టేముందు మాత్రం ఏడాదికి ఎన్నిసార్లు పిలవవచ్చు, ఉచితంగా ఎన్ని కిలోమీటర్లు లాక్కెళతారు, ఆ దూరం దాటితే కిలోమీటరుకు ఎంత తీసుకుంటారు, ఎనిమిదేళ్ల కారుకు ఇస్తారా అన్నవి తప్పక చూసుకోండి. ఈ సేవ వాడుకున్నంత మాత్రాన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏడాదికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సాధారణంగా పోదు. ఆ మాట కూడా రాసి ఉందేమో చూడండి. కార్డు మానుకోవడంతో మిగిలే సొమ్ములో కొంత పెట్టి, ఈ వారమే బ్యాటరీని లోడ్ టెస్టర్‌తో పరీక్ష చేయించండి. మన ప్రాంతపు వేడికి బ్యాటరీలు త్వరగా బలహీనపడతాయి. మూడు నాలుగేళ్లు దాటినదైతే అది ఆగేదాకా చూడకుండా మార్చడమే మంచిది. స్టెప్నీలో గాలి చూడటం చాలామంది మరచిపోతారు, మీరు మరువకండి. సహాయ నంబరును పాలసీ పత్రంలో చూసి ఇప్పుడే ఫోన్‌లో దాచుకోండి, కారు ఆగాక ఇంటర్నెట్‌లో వెతికితే మోసగాళ్లు పెట్టిన దొంగ నంబర్లు తగిలే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మాది నెల్లూరు. నిరుడు ఎలక్ట్రిక్ కారు కొన్నాను. కారు కంపెనీవారే మూడేళ్లు ఉచితంగా రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఇచ్చారు. అయినా బీమా ఏజెంటు పాలసీలో అదే మళ్లీ కలిపి పంపారు. ఉంచుకోవాలా?

జవాబు: ఉంచుకోనవసరం లేదు, తీసివేయమని అడగండి. ఒకే కారు ఆగినందుకు రెండు వ్యాన్లు రావలసిన పని ఉండదు. కంపెనీ ఇచ్చిన మూడేళ్లు ఏ తేదీతో ముగుస్తాయో రాసుకుని, ఆ ఏడాది రెన్యువల్‌లో కలుపుకోండి. మీది ఎలక్ట్రిక్ కారు కనుక ఒక్క విషయంలో జాగ్రత్త అవసరం: ముందు చక్రాలు పైకెత్తి గానీ, తాడు కట్టి గానీ లాగడానికి ఎవరు వచ్చినా ఒప్పుకోకండి. ఇంజను స్థానంలో ఉన్న మోటారు చక్రాలతో పాటు తిరిగి దెబ్బతినే అవకాశం ఉన్నందున నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా కారు మొత్తాన్ని ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ వ్యాన్ కావాలని ఫోన్ చేసిన మొదటి నిమిషంలోనే చెప్పండి. చార్జింగ్ పూర్తిగా అయిపోయి ఆగినప్పుడు దగ్గరి చార్జింగ్ స్టేషన్‌కు చేర్చడం మీ కంపెనీ ఇచ్చిన సేవలో ఉందో లేదో కూడా ఒకసారి షోరూమ్‌లో అడిగి తెలుసుకోండి.