సోలార్ సరే, గేటు ముందు లారీల సంగతి చూడండి

ప్రశ్న: మాది అనంతపురంలో చిన్న ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ. పన్నెండు లారీలు, హైవే పక్కన పదివేల చదరపు అడుగుల రేకుల గోడౌన్ ఉన్నాయి. సరుకు ఇచ్చే పెద్ద కంపెనీల వాళ్ళు ఈమధ్య ‘పర్యావరణం కోసం మీరేం చేస్తున్నారు’ అని అడుగుతున్నారు. మా అబ్బాయి సోలార్ పెట్టిద్దామంటున్నాడు. దేనితో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: సోలార్ తప్పకుండా పెట్టండి, మన సీమలో ఎండకేం కరువు, ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కే ఉంది కదా. కానీ అది మొదటి పని కాదు. మీలాంటి కంపెనీ చేసే కాలుష్యంలో పెద్ద వాటా డీజిల్‌ది, కరెంటుది కాదు.

లెక్క చూడండి. లారీ కదలకుండా ఇంజన్ ఆన్‌లో ఉంటే గంటకు సుమారు లీటరున్నర తాగుతుంది. మీ పన్నెండు బండ్లూ రోజుకో గంట అలా నిలబడితే 18 లీటర్లు. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే రోజుకు 48 కిలోలు. అదే 15 కిలోవాట్ల సోలార్ పెడితే రోజుకు ఓ 60 యూనిట్లు వస్తాయి, మామూలు కరెంటు తయారీలో యూనిట్‌కు వచ్చే కార్బన్ డయాక్సైడ్ 0.7 కిలోల చొప్పున చూస్తే తగ్గేది 42 కిలోలు. లక్షలు పోసి చేసే పని కంటే ఇంజన్ ఆపితే వచ్చే ఫలితమే ఎక్కువ.

అయితే డ్రైవర్ల మీద అరిస్తే ఇంజన్లు ఆగవు. నిరుడు మే నెలలో గుత్తి దగ్గర ఒక గోడౌన్‌కు వెళ్ళాను. మధ్యాహ్నం రెండు గంటలు, గేటు ముందు ఏడు లారీలు, అన్నీ ఆన్‌లోనే, ఎందుకంటే ఎవరి వంతు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, ముందు బండి జరిగితే వెనకవాడూ జరగాలి. ఒక క్లీనర్ కుర్రాడు తడి తువ్వాలు నెత్తిన వేసుకుని లారీ కింద కూర్చున్నాడు, ఆ ఊళ్ళో అతనికి దొరికిన నీడ అదొక్కటే, పైన ఇంజన్ వేడి. నాకు చాలా బాధేసింది. అందుకే ముందు ఫోన్‌లోనే టైమ్ ఇచ్చి బండ్లను పిలవండి. గేటు పక్కన ఫ్యాను, మంచినీళ్ళు, నాలుగు మంచాలు ఉన్న గది కట్టించండి, చుట్టూ వేప, కానుగ నాటించండి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది, అది డ్రైవర్లకు ఎప్పుడో దక్కాల్సిన సౌకర్యం, కానీ చల్లటి గది లేకపోతే ఆ ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లోనే ఉంటుంది.

తర్వాత ఖాళీ ట్రిప్పులు. చీనీకాయలు దించేసి వందల కిలోమీటర్లు ఖాళీగా తిరిగొచ్చే బండి డీజిల్ అంతా దండగే. ఏ బండి ఎన్ని కిలోమీటర్లు ఖాళీగా నడిచిందో నెల రోజులు పుస్తకంలో రాయించండి, రిటర్న్ లోడ్ ఎక్కడ వెతకాలో అదే చెబుతుంది. టైర్లలో గాలి వారానికోసారి చూడాలి, ఇది మీకు తెలిసిందే.

గోడౌన్‌లో పట్టపగలు ట్యూబ్‌లైట్లు వెలుగుతున్నాయా? అక్కడక్కడా వెలుతురు వచ్చే ఫైబర్ రేకులు వేయించండి, వేడి పోవడానికి గాలికి తిరిగే టర్బో వెంటిలేటర్లు, పైన తెల్ల పూత వేయించండి, మీ హమాలీలకు ఎంత హాయో వాళ్ళనే అడగండి.

నీళ్ళ మాట మరిచిపోవద్దు. అనంతపురంలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల చిల్లరే, కానీ మీ కప్పు మీద అదే ఐదు లక్షల లీటర్లు. తొలి వాన దుమ్ము పోనిచ్చి, మిగతాది తొట్టిలోకి మళ్ళిస్తే లారీలు కడగడానికి బోరు వేయనక్కర్లేదు. కడిగిన నీళ్ళు మాత్రం నూనె తేలేలా ఒక గుంటలో ఆపాలి. పాత ఇంజన్ ఆయిల్ కాలువలో పోయనివ్వకండి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వండి.

ఇక సోలార్. మీవి సిమెంటు రేకులైతే అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దానికి రంధ్రాలు వేస్తే లేచే దుమ్ము క్యాన్సర్ తెస్తుంది, కాబట్టి ముందు రేకులు మార్చాలి. ఇనుప రేకులైనా సరే, వాటిని కింద మోసే ట్రస్సులు, అంటే కప్పు చట్రాలు, ప్యానెళ్ళ బరువూ, మన గాలివానలూ తట్టుకుంటాయో లేదో ఇంజనీరుతో చూపించాకే అడ్వాన్స్ ఇవ్వండి.