ఎడమ పక్క సందు

ప్రశ్న: సార్, మా ఊరి ఫుట్‌బాల్ టీమ్‌ను నేనే చూసుకుంటున్నాను. 4-3-3 ఆడుతున్నాం, అంటే వెనక నలుగురు, మధ్యలో ముగ్గురు, ముందు ముగ్గురు. పోయిన నాలుగు మ్యాచుల్లో తొమ్మిది గోల్స్ పడ్డాయి. ఆరు మా ఎడమ వైపు నుంచే. పిల్లలు వెనక ముగ్గురే ఉండే 3-5-2కి మారదామంటున్నారు. మారమంటారా?
- ఒక పాఠకుడు, ధర్మవరం

జవాబు: ఆరు ఎడమ నుంచే వచ్చాయని లెక్క రాసుకున్నావే, సగం పని అయిపోయింది నాయనా. ఇక 3-5-2 సంగతి. వెనక వరసలో ఎడమ బ్యాక్ దగ్గర సందు ఉందని ఆ బ్యాక్‌నే తీసేస్తే సందు పూడుతుందా? ఆ వైపంతా అంచున ఆడే వింగ్ బ్యాక్ ఒక్కడే పైకీ కిందకీ పరిగెత్తాలి. మన అనంతపురం ఎండలో అరవయ్యో నిమిషానికి వాడు నడుం మీద చేతులేసుకుని నిలబడిపోతాడు. నాకూ ఆ సరదా తీరింది. టీవీలో చూసి కాలేజీ టీమ్‌ను రాత్రికి రాత్రి మార్చేశాను. ఐదు గోల్స్ పడ్డాయి. తిరుగు బస్సులో నాతో ఒక్కడూ మాట్లాడలేదు.

వచ్చే మ్యాచ్‌లో లైన్ దగ్గర నిలబడి అరవొద్దు. గోల్ వెనక ఏ మిద్దో ఎక్కి కూర్చో. బంతిని వదిలేసి ఎడమ పక్కనే చూడు. బంతి మీ నుంచి పోగానే ముందు వరసలో ఎడమ అంచున ఆడే లెఫ్ట్ వింగర్ ఏం చేస్తున్నాడు? నా అనుమానం, అక్కడే నిలబడి చూస్తుంటాడు. వెనక బ్యాక్ ఒక్కడు, మీదికి వచ్చేది ఇద్దరు. తిట్లు మాత్రం బ్యాక్‌కే.

సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి నేల మీద గీతలు గీయి. మనవాళ్లు పదకొండు చింతగింజలు, అవతలివాళ్లు పదకొండు చెనిక్కాయ పొట్టులు. ఎవడి గింజ వాడే జరపాలి. మా కాలేజీ టీమ్ వింగర్ వారం రోజులు నేను చెప్పింది వినలేదు. ఒంటరి గింజ ముందు రెండు పొట్టులు చూసి, "ఈడ నేనుండాల్నా సార్?" అన్నాడు.

బంతి పోతే మీ లెఫ్ట్ వింగర్ సెంటర్ లైన్ దాటి వెనక్కి రావాల్సిందే. అప్పుడు మీ 4-3-3 దానంతటదే 4-4-2 అవుతుంది. వెనక వరసకూ మిడ్‌ఫీల్డ్‌కూ మధ్య దూరం పదిహేను మీటర్లు మించనివ్వకు. ఆ తర్వాతి మూడు మ్యాచుల్లో గోల్స్ కాదు, ఎడమ నుంచి మీ గోల్ ముందున్న బాక్సులోకి ఎన్నిసార్లు వచ్చారో రాసుకో. గోల్స్‌లో అదృష్టం కూడా కలుస్తుంది.

ప్రశ్న: స్ట్రైకర్‌కు కాలు బెణికింది. వెనక వరస మధ్యలో ఆడే స్టాపర్‌ను ముందు ఆడించవచ్చా?
- మరో పాఠకుడు, గుత్తి

జవాబు: ఎందుకు కూడదు? 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. భారత జట్టు కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్ ఆయన్ను ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. నువ్వూ పంపు. వెనక ఆ చోట ఎవరిని పెడతావో మాత్రం ఉత్తరంలో రాయలేదు.